కాకరపేట బడి బాగుపడిన వైనం

బడులు సరిగ్గా నడవకపోతే దగ్గరుండి బాగుచేయమని సర్కారు డబ్బిచ్చి పెట్టిన సహాయ కేంద్రం ఒకటి కాకరపేటలో ఉండేది. దానికి పెద్ద గవరయ్య. అతని కింద అప్పన్న, నూకరాజు. చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలివంటే అని గవరయ్య రోజూ టీ తాగుతూ చెప్పేవాడు. అంత తెలివి జిల్లాలోనే లేదని మిగతా ఇద్దరూ తలలూపేవారు.

ఒకనాడు తనిఖీ అధికారి వచ్చి చూస్తే, కాకరపేట పిల్లలకు రెండో ఎక్కం కూడా రాలేదు. ఆయనకు ఒళ్ళు మండింది.

"పక్కనే గుమ్మడిపాడు బడి చూడండి, ఎంత బాగుందో. నేను మళ్ళీ వచ్చేసరికి ఇది అచ్చం దానిలా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా మీ కేంద్రానికి తాళం వేయిస్తాను."

గవరయ్యకు ముందు తన కుర్చీ గుర్తొచ్చింది. కేంద్రం పోతే గిర్రున తిరిగే కుర్చీ పోతుంది. ఆ కుర్చీ ఎక్కాకే అత్తవారు అతన్ని మీరూ అనడం మొదలుపెట్టారు మరి.

ముగ్గురూ గుమ్మడిపాడు పరిగెత్తారు. అక్కడ ఒక కిటికీ అద్దం పగిలి ఉంది. అంతే, అప్పన్న వచ్చి ఇక్కడి అద్దం పగలగొట్టాడు. అక్కడ కప్పు కారుతోంది. నూకరాజు ఎక్కి ఇక్కడి పెంకులు తీసేశాడు. అక్కడ గుమ్మం దగ్గర ఓ కుంటి మేక ఉంది. కుంటిది దొరక్క, మంచి మేకకే కాలికి కట్టు కట్టి నిలబెట్టారు.

"బాగున్న పెంకులు తీసేత్తన్నారేటి బాబూ?" అని సన్యాసమ్మ టీచరు లబోదిబోమంది. వెంట్రుకవాసి తేడా ఉండకూడదన్నారమ్మా అని గవరయ్య ఓపిగ్గా నచ్చజెప్పాడు.

ఇక తేడా ఒక్కటే మిగిలింది. ఆ పిల్లలకు ఎక్కాలు వచ్చు, ఈ పిల్లలకు రావు. ఇంకేముంది, అధికారి వచ్చే రోజు పొద్దున్నే ఆ పిల్లల్ని ట్రాక్టరెక్కించి ఇక్కడికి తెచ్చారు, ఈ పిల్లల్ని అక్కడ దించారు.

అధికారి పదమూడో ఎక్కం అడిగాడు. బడి మారుమోగింది. నెత్తిన వాన చుక్కలు పడుతున్నా ఆయన మురిసిపోయి, ముందు కూర్చున్న పిల్లను మీ ఇల్లెక్కడమ్మా అని అడిగాడు.

"గుమ్మడిపాడండి. మమ్మల్ని టాక్టరు మీద తెచ్చారండి."

అధికారి ముఖం కందగడ్డయింది.

"ఎవరిది ఏ ఊరో వాళ్ళను ఆ ఊళ్ళో దింపి రండి. ఈ ఊరివాళ్ళు కానివాళ్ళు ఒక్కరు కూడా ఇక్కడ ఉండటానికి వీల్లేదు."

పిల్లల్ని దింపి వచ్చేసరికి అధికారి కేంద్రంలో ఆ తిరిగే కుర్చీలో కూర్చుని, తాళం తెప్పించి పెట్టుకున్నాడు. తమరిది ఏ ఊరండీ అని గవరయ్య వినయంగా అడిగాడు. పార్వతీపురం అన్నాడాయన. అంతే, ముగ్గురూ ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి ట్రాక్టర్లో పెట్టారు. ఆయన కేకలు పెడుతూనే ఉన్నాడు. మొహమాటం కాబోలనుకున్నారు.

బండి కదలబోతుంటే గవరయ్యకు ఇంకోటి తట్టింది. అప్పన్నది బొబ్బిలి, నూకరాజుది సాలూరు, తనది చీపురుపల్లి. చెప్పింది చెప్పినట్టు చేయాలి కదా. దిగివెళ్ళి, అధికారి తెప్పించిన తాళమే కేంద్రానికి వేసి, తాళంచెవి సన్యాసమ్మ చేతిలో పెట్టి, మళ్ళీ ట్రాక్టరెక్కాడు.

"గండం గడిచిందిరా," అన్నాడు నూకరాజుతో. "ఇంక ఈయన వచ్చి ఎయ్యడానికి తాళమేదీ?"