తెరచాటు టీచరు

ఆ ఏడాది పాఠశాల వార్షికోత్సవంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కృష్ణుడి నాట్యమంతా మెడలు ఎడమవైపు తిప్పి చేశారు.

ఒకరిద్దరు కాదు, అందరూ. చేతులు జనంవైపు, పాదాలు జనంవైపు, కళ్లు మాత్రం స్టేజీ పక్కన వేలాడుతున్న తెరవైపు. ఆ తెరచాటున వాళ్ల నాట్యం టీచరు సుభాషిణి కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ప్రతి అడుగూ వేసి చూపిస్తోంది. కృష్ణుడి వేషం కట్టిన భువనకి టీచరు సరిగా కనబడలేదు. పక్కకి జరిగి, పిల్లనగ్రోవి చంకలో పెట్టుకుని, మెడ సాచి తెరలోకి తొంగిచూసింది. ముందు వరసల్లో పెద్దవాళ్లు పకపకా నవ్వారు.

మర్నాడు స్టాఫ్ రూములో వ్యాయామం చెప్పే డేనియల్ సారు టీ గ్లాసుతో వచ్చి సుభాషిణి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడం, మీకో దండం. డ్రిల్లులో ఎడమకి చూడమని, 'బాయే దేఖ్' అంటూ నేను జూన్ నుంచీ గొంతు చించుకుంటున్నా ఒక్కడూ మెడ తిప్పడు. మీరు నోరు మెదపకుండానే అందర్నీ తిప్పించారు. ఆ కిటుకేదో నాకూ చెప్పండి."

"చెబుతాను. ముందు మీవాళ్లని కబడ్డీ కోర్టుకి గీతలు వంకర లేకుండా గీయమనండి," అంది సుభాషిణి. తన టీ అక్కడే వదిలేసి లేచింది.

ఆ బడిలో తొమ్మిదో తరగతికి రాగానే పిల్లలు వ్యాయామమో నాట్యమో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఇదివరకు వ్యాయామం ఒక్కటే ఉండేది. నాట్యం కూడా పెట్టమని హెడ్‌మిస్ట్రెస్ కరుణాదేవి చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించింది సుభాషిణే. ఇప్పుడు ఆ కరుణాదేవే సుభాషిణిని పిలిపించారు.

"నిన్నటి నాట్యం చూసి స్కూలు కమిటీవాళ్లు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఫిబ్రవరిలో వస్తారు. అదే నాట్యం వాళ్ల ముందు మళ్లీ చేయించండి. బాగుంటే సరి. లేదంటే జూన్ నుంచి నాట్యం ఉండదు. పిల్లలంతా డేనియల్ గారి దగ్గరికే."

"మరి నేను?"

"మీరు ఎమ్మే తెలుగేగా? ఆరో తరగతికి సంధులు చెబుదురుగాని."

సుభాషిణి నేరుగా నాట్యం గదికి వెళ్లి పిల్లల్ని నిలబెట్టింది.

"నన్నెందుకు చూశారే?"

భువన చెప్పింది. "మీరు చేస్తుంటే చూడకుండా ఎలా ఉంటాం టీచర్?"

"నేను లేననుకోవచ్చుగా?"

"ఉన్నారుగా టీచర్."

ఆ వారమంతా సుభాషిణి ఇంకా గట్టిగా నేర్పింది. వాళ్లకి ఎదురుగా నిలబడి, వాళ్లకి తికమక లేకుండా తన ఎడమతో వాళ్ల కుడి చూపిస్తూ, గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది. వాళ్లు కళ్లార్పకుండా ఆమెనే చూస్తూ తప్పు లేకుండా చేశారు. ఆమె నీళ్లు తాగడానికి పక్కకి జరిగితే మెడలన్నీ నీళ్ల బిందెవైపు తిరిగాయి.

ఆదివారం పొద్దున్నే బందరులో బస్సెక్కి చల్లపల్లి వెళ్లింది. ఆమెకి చిన్నప్పుడు నాట్యం నేర్పిన వేదాద్రి మాస్టారు అక్కడే ఉంటారు. మోకాళ్లు పోయి ఇప్పుడు ఎవరికీ నేర్పడం లేదు. చేతికర్ర లేకుండా వీధరుగు దాకా కూడా రాలేరు.

"తిన్నావా?" అన్నారు మాస్టారు, ఆమె చెప్పులు విప్పకముందే.

"తిన్నాను మాస్టారూ."

"అబద్ధం. పద్మజా, దీనికి కాస్త ఉప్మా చెయ్యమ్మా."

వంటింట్లోంచి కోడలు అలాగేనంది. సుభాషిణి చాప మీద కూలబడి మొదలుపెట్టింది. ఈ కాలం పిల్లలకి శ్రద్ధ లేదంది. ఫోన్లు చూసి పెరిగిన బుర్రల్లో అడుగు నిలవదంది. కమిటీవాళ్లకి నాట్యమంటే ఏమిటో తెలియదంది. డేనియల్ సారు వెటకారం గురించి కూడా చెప్పింది. మాస్టారు ఊఁ కొడుతూ మోకాలికి నూనె రాసుకుంటున్నారు.

"వింటున్నారా మాస్టారూ?"

"వింటూనే ఉన్నాగా. వచ్చినప్పట్నుంచీ ఒకటే గోల. లే. లేచి నీకు మొట్టమొదట నేర్పిన జతిస్వరం చెయ్యి."

"నేనా?"

"మరి నేనా? ఈ మోకాళ్లతోనా?"

"నేను చెయ్యగలను మాస్టారూ. చెయ్యలేనిది పిల్లలు. వాళ్లకేదైనా ఉపాయం చెబుతారని..."

"పిల్లలు ఇక్కడ లేరుగా? నువ్వున్నావు. చెయ్యి."

చిరాకు మింగుకుని లేచింది. కొంగు బిగించి, వీధి గుమ్మంవైపు తిరిగి నిలబడి, నేలకి దండం పెట్టుకుంది. మాస్టారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చేతికర్రతో నేలమీద తాళం మొదలెట్టారు. నోటితో జతి పలుకుతున్నారు. గొంతు వణికింది గానీ తాళం వణకలేదు.

సుభాషిణి కాళ్లకి అన్నీ గుర్తున్నాయి. చాలా ఏళ్లయింది ఇది చేసి. అయినా ఒక్క అడుగూ తడబడలేదు. ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాం మేం, అనుకుంది చేస్తూనే. కొంతసేపటికి మాస్టారు కుర్చీలోంచి లేచారు. మోకాళ్లు పట్టేశాయేమో అనుకుంది. ఆయన కర్రతో తాళం వేసుకుంటూనే గోడ వారగా మెల్లిగా నడిచారు. మూల దగ్గర ఆగారు. మళ్లీ నడిచారు. సుభాషిణి చేస్తూనే ఉంది. చివరి అడుగు తాళంలో ఖచ్చితంగా పడింది. చేతులు జోడించి తలవంచింది.

"ఏం సుభా, వంటింటికి దండం పెడుతున్నావేం?" అన్నారు మాస్టారు.

తలెత్తింది. ఎదురుగా పద్మజ చేతిలో గరిటెతో, నవ్వు ఆపుకోలేక నిలబడి ఉంది. వంటింటి తలుపుకి ఆనుకుని మాస్టారు. వీధి గుమ్మం ఎక్కడో వీపు వెనక ఉంది.

సుభాషిణి చేతులు అలాగే జోడించి ఉన్నాయి.

"ఒక్క అడుగు తప్పలేదు. బాగా చేశావు," అన్నారు మాస్టారు. మెల్లిగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయాసం తీరేదాకా ఆగి అడిగారు. "రేపు నేను పోయాక ఎటు తిరిగి చేస్తావే?"

పద్మజ ఉప్మా తెచ్చి పెట్టింది. ముగ్గురూ ఈ ఏటి మామిడి పూత గురించి మాట్లాడుకున్నారు.

తిరుగు బస్సులో సుభాషిణికి ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే లేచి వచ్చింది ఉపాయం కోసం. దొరికింది ఉప్మా. పెద్దాయన ఇల్లంతా తిరిగి చూపించాడు తప్ప ఒక్క మాట తిన్నగా చెబితేనా? బందరు దగ్గరపడేదాకా విసుక్కుంటూనే ఉంది. ఆ కోపం మాస్టారి మీద కాదని బస్సు దిగేటప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఇంకాస్త కోపం వచ్చింది.

సోమవారం నాట్యం గదిలో పిల్లలకి ఎదురుగా కాకుండా వాళ్ల వెనక్కి వెళ్లి నిలబడింది. పిల్లలంతా వెనక్కి తిరిగారు.

"అటు తిరగండే!"

"అటు మీరు లేరుగా టీచర్."

పక్కకి వెళ్లింది. పక్కకి తిరిగారు. తల పట్టుకుంది. చివరికి తాళం వేసే కర్ర, చెక్క తీసుకుని గది బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, వరండాలో నేలమీద కూర్చుంది. అక్కణ్నుంచే తాళం వేసింది. లోపల రెండు అడుగులు పడ్డాయి. తర్వాత ఎవరో ఎవరినో గుద్దుకున్నారు. తర్వాత నిశ్శబ్దం. భువన తలుపు తీసుకుని వచ్చింది. కళ్లనిండా నీళ్లు.

"మామీద కోపమా టీచర్?"

"లేదు. వెళ్లి చెయ్యి."

"తర్వాత ఏ అడుగో ఎవరికీ గుర్తులేదు టీచర్. ఒక్కసారి చూపించండి."

"ఎవరికో ఒకరికి ఉంటుంది. వెళ్లి అడుగు."

లోపల పోట్లాట మొదలైంది. కుడి కాలని ఒకతె, నీ మొహం ఎడమ కాలని ఇంకొకతె. సుభాషిణి చెయ్యి చెక్కమీద ఆగిపోయింది. లోపలికి వెళ్లి ఒక్కసారి చూపిస్తే అయిపోయే పని. అటువైపు మగపిల్లల్ని గ్రౌండుకి తోలుకెళ్తున్న డేనియల్ సారు ఆగి చూశాడు.

"ఏం మేడం, పిల్లలు మిమ్మల్ని క్లాసులోంచి బయటికి పంపేశారా?"

"అవును సార్. అల్లరి చేశానని."

జనవరి అంతా వరండాలోనే కూర్చుంది. ఒక్కరోజు మాత్రం ఓపిక చచ్చి లోపలికి వెళ్లి ఒక అడుగు చూపించింది. మర్నాడు మిగతావన్నీ గుర్తున్నాయి, ఆ ఒక్కటీ పోయింది. పళ్లు కొరుక్కుంటూ మళ్లీ బయటికొచ్చి కూర్చుంది. ఆ తర్వాత వెళ్లలేదు.

ఫిబ్రవరిలో కమిటీవాళ్లు వచ్చిన రోజు హెడ్‌మిస్ట్రెస్ ఆమెని పక్కకి పిలిచారు.

"ఎందుకైనా మంచిది, మీరు తెర పక్కన నిలబడండి సుభాషిణి గారూ. జనానికి కనబడకుండా కాస్త చూపిస్తూ ఉండండి. ఈ ఒక్కసారికి. ఇది పోతే మళ్లీ రాదు, నేనేం చెయ్యలేను."

సుభాషిణి తెరవైపు చూసింది. అక్కణ్నుంచి నడుచుకుంటూ వెళ్లి హాల్లో ఆఖరి వరసలో, డేనియల్ సారు పక్క కుర్చీలో కూర్చుంది.

పాట మొదలైంది. మొదటి అడుగుకే మెడలన్నీ ఎడమవైపు తిరిగాయి. అక్కడ తెర తప్ప ఏమీ లేదు. భువన కళ్లు తెర పైనించి కిందిదాకా వెతికాయి. అడుగు తప్పింది. పక్కపిల్లకి తగిలింది. ఆ పిల్ల వెనకపిల్లని తొక్కింది. ముందు వరసలో ఎవరో నవ్వారు.

సుభాషిణి సగం లేచింది.

"వెళ్లండి మేడం," అన్నాడు డేనియల్ సారు. ఈసారి వెటకారం లేదు. "పక్క తలుపులోంచి వెళ్తే ఇప్పుడైనా అందుకోవచ్చు."

ఆమె ముందున్న కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుంది. మెల్లిగా మళ్లీ కూర్చుంది.

స్టేజీ మీద భువన పక్కపిల్లని మోచేత్తో పొడిచింది. "కుడి కాలే, కుడి కాలు!" అంది. అది మైకులో హాలంతా వినబడింది. జనం గొల్లుమన్నారు. పిల్లలకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే తాళం పట్టుకున్నారు. ఒకతె అందుకుంది, ఆమెని చూసి ఇంకొకతె, ఆపైన అందరూ. అడుగులు ఒక్కటయ్యాయి. మెడలు ముందుకి తిరిగాయి.

భువన పిల్లనగ్రోవి ఎత్తి హాలంతా కలయచూసింది. ఆ చూపు సుభాషిణి మీదుగా కూడా వెళ్లింది. ఆగకుండా వెళ్లిపోయింది.

సుభాషిణి ముందు కుర్చీ వదిలి వెనక్కి ఆనుకుంది.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ పిలిచారు. మొహంలో సంతోషమూ లేదు, కోపమూ లేదు, అలసట ఉంది.

"ఇంకో ఏడాది చూద్దామన్నారు. ఆ గుద్దుకోవడానికి చివాట్లు మాత్రం నేను తిన్నాను. చెప్పినమాట వింటే ఏం పోయింది మీకు? అన్నీ సాఫీగా జరిగేవి కదా! వచ్చే ఏడాది మాత్రం మీరు తెర పక్కన ఉండాల్సిందే. ఇప్పుడే చెబుతున్నాను."

"నిలబడను మేడం," అంది సుభాషిణి.

నిలబడలేదు. ఆ ఏడాదీ, ఆ బళ్లో పనిచేసిన మిగతా ఏళ్లూ.