నూకయ్య తిన్న విషం

గిరికోన రాజు తుంగవర్మకు కోపమొస్తే లడ్డూలు కావాలి, దిగులేస్తే బొబ్బట్లు కావాలి, ఏమీ తోచకపోతే రెండూ కావాలి. కిందటి దసరాకి ఆయన్ని మోసిన ఏనుగు ఊరేగింపు మధ్యలో కూర్చుండిపోయి ఎంతకీ లేవలేదు. రాజవైద్యుడు చేతులు జోడించి, "ప్రభూ, ఇకమీదట తీపి మీకు విషం" అన్నాడు. ఆ మాటకే రాజుకి దిగులేసి బొబ్బట్లు తెమ్మన్నాడు.

ఆ కోటలో రాజు ఏం తిన్నా ముందు నూకయ్య తినాలి. అతను బతికుంటేనే రాజు ముట్టుకుంటాడు. అది తాతలనాటి కట్టుబాటు. నూకయ్య ఒక బొబ్బట్టు తిని, మూతి తుడుచుకుని, పళ్ళెం మీద మూత పెట్టేశాడు.

"ఏంట్రా అది?" అన్నాడు రాజు.

"ఇది విషమని వైద్యులవారే చెప్పారు కదా ప్రభూ. నేను పోతానో లేదో చూశాకే తమరు తినాలి."

"ఎంతసేపు చూడాలి?"

"నెమ్మదిగా పనిచేసే విషమట. ఇరవై ఏళ్ళు పట్టొచ్చట."

"నీ తల తీయిస్తాను!"

"చిత్తం. అప్పుడు కొత్తవాడితో మళ్ళీ మొదట్నుంచి ఇరవై ఏళ్ళు చూడాలి. ఆకలైతే జొన్నసంగటి ఉంది. అది విషమని ఎవరూ అనలేదు, ఇప్పుడే వడ్డిస్తాను."

"సంగటెందుకురా? ఇప్పుడు ఆకలెవడికుంది!" అని రాజు అరిచాడు. అరిచాక తన మాట తనకే వినబడి మెల్లగా కూర్చున్నాడు.

అయినా ఆశ చావలేదు. కోపమొచ్చినప్పుడల్లా పళ్ళెం వచ్చేది, నూకయ్య తినేవాడు. రాజు రోజూ పొద్దున్నే నూకయ్య ఇంటిదాకా నడిచి వెళ్ళి, "ఇంకా పోలేదా?" అని అడిగి వచ్చేవాడు.

మళ్ళీ దసరాకి ఏనుగు చివరిదాకా హాయిగా నడిచింది. రొప్పుతూ మధ్యలో కూర్చుండిపోయింది నూకయ్య.