కొర్రమ్మ కాపలా

ఒకప్పుడు, కొంగ ఇంకా నాచు తిని బతికే రోజుల్లో, చేపపిల్లలకు చావంటే ఏమిటో తెలియదు. ప్రతి తల్లీ లక్షల్లో గుడ్లు పెట్టేది. పెట్టినవన్నీ పిల్లలయ్యేవి.

ఇంకేముంది, కుంట కిక్కిరిసిపోయింది. తోక ఊపితే పక్కవాడి కంట్లో తగిలేది. నాచు అయిపోయింది. పురుగులూ అయిపోయాయి. చేపలకు ముళ్లూ తలకాయలే మిగిలాయి. కొంగ డొక్క వీపుకు అంటుకుపోయింది.

కుంటకు తల్లి నీళ్లమ్మ అందరినీ పిలిచింది. "బిడ్డలారా, మీరు పెరిగినట్టు నేను పెరగలేను. లక్షకు నాలుగైదు మిగిలితే చాలు. మిగతావాటిని ఇకనుంచి కొంగ తింటుంది."

కొంగ సిగ్గులేకుండా ముక్కు నూరుకుంది.

బొచ్చె చేప తల వంచింది. "పోనీలే. మళ్లీ పెట్టుకుంటాం" అంది. మిగతా చేపలూ సరేనన్నాయి.

కొర్రమీను ఒక్కతే బురదలోంచి పైకొచ్చింది. నల్లటి ఒళ్లు, పాము తల, మొండి నోరు. అందరూ దాన్ని కొర్రమ్మ అనేవారు.

"నేనివ్వను!"

"అందరం ఇస్తున్నాం కదే" అంది బొచ్చె.

"అందరూ వంగితే నేనూ వంగాలా? నీ పిల్లల్లో ఒక్కదాని మొహమైనా గుర్తుందా వదినా నీకు?"



కొంగ కిసుక్కుమంది. "ఏమే నల్లదానా, లక్షమందిని నువ్వొక్కదానివే కాస్తావా? కాయి, చూస్తాగా!"

ఆ ఏడు కొర్రమ్మ ఎప్పటిలాగే లక్ష గుడ్లు పెట్టింది. తూర్పు గట్టుకు పరిగెత్తితే కొంగ పడమటి గట్టున ముక్కు ముంచేది. ఇటొస్తే అటు ముంచేది. వారం తిరిగేసరికి కొర్రమ్మకు ఒక్క పిల్లా మిగల్లేదు.

"కాపలా బాగుందమ్మా! రేపు ఏ వేళకు రమ్మంటావు?" అంది కొంగ, గట్టు మీద దర్జాగా పచార్లు చేస్తూ.

కొర్రమ్మ కడుపు మండిపోయింది. మూడు రోజులు బురదలోనే పడుకుని ఆలోచించింది. నీళ్లమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఎక్కువైతే కుంట మోయలేదు. తగ్గాల్సిందే. కానీ నా కడుపున పుట్టేవాళ్లను కొంగ ముక్కెందుకు తగ్గించాలి? నేనే తగ్గించుకుంటాను!

తొలకరి పడగానే నీళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. "అమ్మా, ఈసారి నా చూపు ఆనినన్నే పెడతాను. గుప్పెడు. కానీ అందులో ఒక్కదాన్నీ అప్పగించను."

"కొంగ వచ్చి పట్టుకుంటే?"

"నన్ను దాటి పట్టుకోమను."

నీళ్లమ్మ అలలు కదిలేలా నవ్వింది. "గట్టిదానివే. పో, కాసుకో."

కొర్రమ్మా, దాని మొగుడూ తుంగ కొరికి గుండ్రంగా చోటు చేసుకున్నారు. ఎర్రెర్రటి పిల్లలు పుట్టాయి. అన్నీ ఒకే గుంపుగా పైకి తేలాయి. వాటి కింద కొర్రమ్మ. తిండి మానేసింది. కన్ను తిప్పలేదు.

కొంగ తాపీగా దిగి ముక్కు ముంచింది.

ధన్‌మని తగిలింది దెబ్బ, కాలి మీద!

"చచ్చాన్రోయ్!" అని కొంగ ఎగిరిపోయింది. ఆ తరవాత దొంగచాటుగా ఒకటో రెండో ఎత్తుకుపోకపోలేదు. కానీ ఎత్తుకుపోయిన ప్రతిసారీ దెబ్బ తినే పోయింది.

పిల్లలు వేలెడంత అయ్యాక కొర్రమ్మే వాటిని తరిమింది. "పొండి! ఎవరి మడుగు వాళ్లు వెతుక్కోండి. అందరం ఇక్కడే ఉంటే మళ్లీ ఆకలే!"

అప్పటినుంచే బొచ్చె లక్షల్లో గుడ్లు వదిలి తన దారిన తాను పోతుంది. కొర్రమీను కొన్నే పెట్టి, ఎర్రగుంపు కింద కాపలా కాస్తుంది. కొంగ ఒక కాలు రెక్కల కింద దాచుకుని నిలబడుతుంది. గాలం పట్టుకొచ్చిన మనిషికీ ఈ సంగతి తెలుసు. పిల్లల గుంపు మీద గాలానికి గుచ్చిన కప్పను ఆడిస్తాడు. కప్ప వెనక ముల్లుందని తెలిసినా కొర్రమీను ఆగదు. ఈ రోజుకీ ఎగిరి కొడుతుంది.