గేటు మీది బల్బు

గోదావరి పాయ పక్కన ఒక లంక ఊళ్లో మాణిక్యమ్మ అనే ఆవిడ ఉండేది. పనిలో ఆవిడకు వంక పెట్టేవాళ్లు లేరు గాని, ఒకసారి మనసులో పెట్టుకున్న మాటను చచ్చినా వదిలేది కాదు.

అలా వదలని మాటల్లో పెద్దది పులిహోర మాట. తమ గృహప్రవేశం నాడు మాణిక్యమ్మ పులిహోర కలిపితే, తోడికోడలు వరాలు విస్తరి ముందు కూర్చుని, పదిమందిలో, పులుపు ఎక్కువైంది అంది. అంతే. అప్పటినుంచి రెండిళ్ల మధ్య దడి ఉంది గాని మాటలు లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే మాణిక్యమ్మ భర్త సూరయ్య దడి దగ్గరికి వెళ్లి చెప్పి రావాలి. గేదెను కట్టేసుకోమని అటు చెప్పేవాడు. కొబ్బరి మట్ట పాక మీద పడిందని ఇటు చెప్పేవాడు. కబుర్లు మోసి మోసి ఆ మనిషి అలిసిపోయాడు.

మాణిక్యమ్మకు గుడ్లు పొదిగే మిషను ఉండేది. ఊళ్లో ఆడవాళ్లు నాటుకోడి గుడ్లు తెచ్చిస్తే పిల్లల్ని చేసి ఇచ్చేది. ప్రతి గుడ్డునూ వెలుతురుకు అడ్డం పెట్టి చూసేది. పగులున్నదాన్ని, పాతదాన్ని మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేసేది. తీసుకున్న గుడ్డుకు మాత్రం పూచీ తనదే అనేది. ఊళ్లో ఆవిడ పేరంతా ఆ పూచీ మీదే నిలబడింది. కానీ కరెంటు పోతే మిషను చల్లబడుతుంది. ఆ లంకలో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కరెంటు పోతుంది.

అందుకని ఇంట్లో బ్యాటరీ పెట్టించాలా వద్దా అన్న మాట వచ్చింది. బ్యాటరీ అమ్మే అతను వచ్చి ఇంటి మీదకు చూశాడు. చుట్టూ కొబ్బరి చెట్లే. ఈ నీడలో సోలార్ పలకలు దండగ, చెట్లు కొట్టేస్తే చెప్పండి అన్నాడు. కాపుకొచ్చిన చెట్టును కొట్టనని సూరయ్య అన్నాడు. పలకలు లేకుండా బ్యాటరీ ఒక్కటీ పెట్టుకుంటే పనికొస్తుందా అని మాణిక్యమ్మ అడిగింది. పనికొస్తుందన్నాడు అతను. కరెంటు ఉన్నప్పుడు నింపుకుంటుంది, పోయినప్పుడు ఇస్తుంది, మీరు దాని మీద ఏమేం నడుపుతారో అది ఆలోచించుకోండి అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు సూరయ్య దడి దగ్గర గడ్డి కోస్తుంటే వరాలు పలకరించింది.

"బావగారూ, బ్యాటరీ పెట్టిస్తున్నారట, మంచిదే. పలకలు లేని బ్యాటరీ అంటే నీళ్ల తొట్టి లాంటిది. కుళాయి ఆగితే తొట్టిలో ఉన్నంతే. మిషనుకొక్కదానికే పెట్టించండి. రెండు రోజులైనా లాగుతుంది."

సూరయ్య ఆ మాట ఇంట్లో చెప్పాడు. ఎవరన్నారో చెప్పకుండా ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎన్నేళ్లుగానో కబుర్లు మోసిన అలవాటు కదా, వరాలు అంది అని కూడా చెప్పేశాడు.

మాణిక్యమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది. "నా ఇంట్లో ఏది వెలగాలో ఆవిడ చెప్పాలా?" అంది.

బ్యాటరీ వచ్చింది. మిషను, టీవీ, ఫ్రిజ్జు, ఫ్యాన్లు అన్నీ దానికే తగిలించింది. గేటు మీద పెద్ద బల్బు ఒకటి కొత్తగా పెట్టించింది. ఆ బల్బు ఎవరికోసమో సూరయ్యకు తెలుసు. అయినా నిచ్చెన పట్టుకున్నాడు. అని అని విసిగిపోయినవాడు.

వానాకాలంలో తుఫాను వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. అప్పటికి మిషనులో గుడ్లు పిల్లలయ్యే దశలో ఉన్నాయి. చెవి దగ్గర పెట్టుకుంటే పెంకులోంచి కీచుకీచుమని వినిపిస్తోంది. వాటిలో పాలు పోసే లక్ష్ముమ్మ గుడ్లు ఉన్నాయి. ఆవిడ పెట్టను కుక్క పట్టుకుపోయింది. పెట్ట పోగా ఆ గుడ్లే మిగిలాయి. కలిసిపోకుండా వాటి మీద మాణిక్యమ్మ తన చేత్తో కుంకుమ బొట్లు పెట్టుకుంది.

సాయంత్రానికి వీధంతా చీకటి. మాణిక్యమ్మ ఇల్లు మాత్రం పెళ్లివారిల్లులా ఉంది. గేటు మీది బల్బు దడి దాటి వరాలు వాకిట్లోకి పడుతోంది. ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, గాలి చల్లగా ఉన్నా ఫ్యాను ఆపకుండా, మాణిక్యమ్మ టీవీ చూసింది. బల్బయినా ఆపరాదా అని సూరయ్య ఒకసారి అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. అతను దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

తెల్లవారేసరికి ఫ్యాను ఆగిపోయింది. బల్బు ఆగిపోయింది. మిషను మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా కూడా లేదు. తీగల మీద చెట్లు పడ్డాయి, కరెంటు ఇవాళ రాదని వీధిలో చెప్పుకుంటున్నారు.

మాణిక్యమ్మ గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. కీచుమనడం ఉంది గాని సన్నబడింది.

ఊళ్లో పొదుగు మీద కోళ్లు కూర్చున్నది ఒక్క వరాలు ఇంట్లోనే. మొగుణ్ణి వెళ్లి అడిగి రమ్మంది.

"పొదుగు కోడిని మగాడు అడగకూడదంటారు గదా మీ ఆడవాళ్లు," అన్నాడు సూరయ్య. "అడిగితే గుడ్లు మురిగిపోతాయంటారు. ఇంటి ఇల్లాలే బుట్ట పట్టుకుని వెళ్లాలంటారు. ఇన్నాళ్లూ అన్ని కబుర్లూ మోశాను మాణిక్యం. ఈ కబురు మొయ్యలేను."

ఆవిడ ఇంకో గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత పాత చీర బుట్టలో పరిచి, గుడ్లు సర్ది, పైన ఇంకో చీర కప్పి, వానలో దడి చుట్టూ తిరిగి వరాలు గుమ్మంలోకి వెళ్లింది. గొళ్లెం తట్టింది. వరాలే బయటికి వచ్చి బుట్ట చూసింది.

"ముందు గుడ్లు ఇలా ఇవ్వు అక్కా. మాటలు తర్వాత."

రెండు పెట్టల కిందా పట్టినన్ని సర్దారు. మిగిలినవాటిని వెచ్చటి ఊకలో పెట్టి పొయ్యి పక్కన ఉంచారు. ఇద్దరూ గచ్చు మీద కూర్చుని వంతులవారీగా తిప్పుతూ ఉన్నారు. మధ్యాహ్నమైంది.

"ఆ రోజు పులుపు ఎక్కువే అక్కా," అంది వరాలు ఊక సర్దుతూ. "ఇప్పుడు అడిగినా అదే అంటాను."

మాణిక్యమ్మ చేతిలో గుడ్డు తిప్పింది. "చింతపండు తెచ్చింది మీ బావ," అంది.

సగం గుడ్లే పిల్లలయ్యాయి. మిగిలినవి పెంకులోనే పోయాయి. కుంకుమ బొట్లు పెట్టినవాటిలో రెండే బతికాయి. మాణిక్యమ్మ ఇంటింటికీ తనే వెళ్లి, తప్పు బ్యాటరీది కాదు, తుఫానుదీ కాదు, నాది అని చెప్పింది. లక్ష్ముమ్మ ఆ రెండు పిల్లల్నీ కొంగులో వేసుకుని ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

కరెంటు వచ్చాక మాణిక్యమ్మ మిషను ఒక్కటి ఉంచి మిగతావన్నీ బ్యాటరీ మీద నుంచి తీయించేసింది. గేటు మీది బల్బు ఊడదీసి అటక మీద పెట్టించింది. దడి అలాగే ఉంది. పులిహోర మాట కూడా పూర్తిగా పోలేదు. కాకపోతే ఇప్పుడు దడి దగ్గరికి ఎవరి కబురు వాళ్లే మోసుకుంటున్నారు. సూరయ్య మధ్యాహ్నాలు కాస్త కునుకు తీస్తున్నాడు.

నీతి: మంచి మాటను గిట్టనివాళ్లు చెప్పినా వినాలి, పంతానికి వెలిగించుకున్న దీపం అవసరానికి వెలగదు.