దానయ్య కోసిన కన్నం

ఇప్పటి మాట కాదర్రా. మన పేటకంతా ఒక్కటే వ్యాను ఉండే కాలం. ఆ వ్యాను పోలమ్మది. మొగుడు సముద్రంలో పోయాక ఆమెకీ, ఇద్దరాడపిల్లలకీ కూడు పెట్టింది ఆ వ్యానే. రోజూ చేపల గంపలు టాపు మీదకెక్కేవి. ఉప్పునీళ్లు కారీ కారీ టాపు తుప్పుపట్టింది. వానాకాలం ముంచుకొస్తోంది. లోపల కారితే ఎవరెక్కుతారు?

పేట చివర దానయ్య ఉండేవాడు. పాత డబ్బాలు సాగగొట్టి రేకులు చేసుకు బతికేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. "మా ఇంటికాడ పెట్టమ్మా. రేకు నాను సూసుకుంటాను," అన్నాడు. వ్యాను చుట్టూ టార్పాలిను కట్టేశాడు. కట్టేస్తే ఊరుకుంటారా మన జనం?

మొదటిసారి పోలమ్మ వెళ్తే లోపల గరగరా గీకుడు.

"సూడొచ్చా, దానన్నా?"

"ఇప్పుడొద్దమ్మా. గీకినకాడ ఉప్పుగాలి తగిలితే మళ్లీ తుప్పే."

పోలమ్మ వెంటొచ్చిన పక్కింటి నూకాలు మూతి తిప్పింది. "గాలి తగలకూడదా, మన కళ్లు పడకూడదా?"

రెండోసారి వెళ్తే దానయ్య రేకుముక్కలు ఇసకలో పాతిపెడుతున్నాడు. "పిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయమ్మా," అన్నాడు.

"నీ చెవిలో పువ్వు పెడతన్నాడే," అంది నూకాలు.

మూడోసారి కూడా నూకాలు వెంటొచ్చింది. పోలమ్మ అడగనే లేదు. టార్పాలిను లాగిపారేసింది. ఓలమ్మో! అరచేతంత తుప్పున్న చోట చాటంత కన్నం!

"తుప్పు తియ్యమంటే టాపే తీసేశావా, దొంగ సచ్చినోడా! నా పిల్లల కూడు అమ్ముకున్నావా!"

"లేదమ్మా. మంచి రేకు తగిలేదాకా కొయ్యాలి. లేపోతే తుప్పు పాకుతాది."

"మరి అతుకెయ్యడానికి రేకేదీ?"

దానయ్య చూపు తన గుడిసె వైపు పోయింది. ఇంట్లో ఏదో దాచాడనుకుని పోలమ్మ గుడిసెలోకి దూరింది. మంచం కింద చూసింది. కుండలెత్తి చూసింది. ఏమీ లేదు. కానీ ఇంట్లో నిలబడ్డ మనిషి నెత్తి మీద ఎండ మాడ్చేస్తోంది. తలెత్తింది.

పైన ఆకాశం.

డబ్బా రేకు పలచనని దానయ్య ఇంటికప్పు రేకే తీశాడు. అది పెరట్లో ఉంది. వ్యాను కన్నం కొలతకి కోసి, ఎర్రరంగు పూసి ఆరబెట్టాడు.

"మరి నీ ఇల్లు కారదా, అన్నా?"

"నానొక్కణ్ణే కదమ్మా. మంచం పక్కకి జరుపుకుంటాను."

పోలమ్మ అక్కడే కూలబడి బావురుమంది. నూకాలు ఎప్పుడు జారుకుందో ఎవరికీ తెలీదు.

ఆ వానాకాలం వ్యాన్లో చుక్క కారలేదు. దానయ్య ఇంటి మీద పోలమ్మే తాటాకు కప్పించింది.

దానయ్య పోయాడు, పోలమ్మా పోయింది. ఇప్పటికీ మన పేటలో దొంగసొత్తుందని ఎవరింటికైనా వెతకడానికెళ్తే, పెద్దోళ్లు గడపలోనే ఆపుతారు. "ముందు తలెత్తి సూడండి," అంటారు. ఎంత కోపంతో వెళ్లినవాళ్లయినా చూస్తారు. కొందరు అక్కణ్ణించే వెనక్కొచ్చేస్తారు.