మేఘాల అంచు చీర

పిల్లలూ, మొన్న సెలవుల్లో పట్నం చూసొచ్చారు కదా. మ్యూజియంలో ఏ వస్తువు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు? గంట కొట్టే గడియారం దగ్గరా? మంచిదే. మరి దాని వెనక ఏముందో చూశారా? చూడలేదు. వెనక్కి ఎవరినీ వెళ్లనివ్వరు. సరే, అలాంటి చోట వెనక వైపు చూసిన ఒకావిడ కథ చెబుతాను. డాబా మీద వడియాలు ఎండేలోపు అయిపోతుంది. మధ్యలో లేవకండి.

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందటో నాకూ తెలీదు. అప్పటికి బస్సులు లేవు, రాజులున్నారు. మనకి అంతవరకు చాలు.

ఆ కాలంలో విశాలపురమని ఒక మహానగరం ఉండేది. నాలుగు కోట గుమ్మాలు, ఏడు బజార్లు. ఒక బజారు నిండా గాజులే, ఒక బజారు నిండా అత్తరులే. నగరం నడిమధ్యన వింతల మేడ. రాజుగారి తాతగారు దేశదేశాల వస్తువులు తెప్పించి అందులో పెట్టించి, ఎవరైనా వచ్చి చూడవచ్చని చాటింపు వేయించాడు. చూడవచ్చు గానీ ముట్టుకోకూడదు. ప్రతి వస్తువుకీ రెండు మూరల దూరంలో ఒక పట్టుతాడు కట్టి ఉండేది. తాడు దాటితే కాపలావాళ్లు బయటికి పంపేస్తారు. మళ్లీ జన్మలో లోపలికి రానివ్వరు.

ఆ నగరానికి ఎనిమిది రోజుల ప్రయాణమంత దూరంలో పొగడపాలెం. నేతవాళ్ల ఊరు. నలభై మగ్గాలుండేవి గానీ, మూడేళ్లుగా పత్తి పండక, ఆ ఏడాది పదిహేను మాత్రమే ఆడుతున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఊరు ఖాళీ చేసి తలో దిక్కూ పోవలసిందే.

అలాంటప్పుడు రాజుగారి చాటింపు వచ్చింది. "మా అమ్మాయి పెళ్లికి, పటంలో మా ముత్తవ్వ కట్టుకున్నటువంటి హంసల అంచు చీర కావాలి. వైశాఖ మాసానికి నేసి తెచ్చిన ఊరికి కోట నేత పనంతా ఇస్తాం, తరతరాలకీ."

హంసల అంచు పొగడపాలెం వాళ్లదే. కానీ అది నేయడం తెలిసిన ఆఖరి ముసలాయన పోయి పన్నెండేళ్లయింది. ఊళ్లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. "మన తాతలు నేసిన చీరలు కోటకే వెళ్లాయి. వింతల మేడలో ఒకటైనా ఉండకపోదు. వెళ్లి చూసి నేర్చుకురండి" అని ఊరంతా కలిసి ముగ్గురిని ఉప్పు బండ్లలో ఎక్కించారు. ఆ బండ్లు నగరంలో మూడు రోజులుంటాయి. మూడో రోజు పొద్దు వాలగానే తిరుగుముఖం పడతాయి. మూడు రోజులు, గుర్తుపెట్టుకోండి.

ఆ ముగ్గురిలో పెద్దది నాంచారమ్మ. రెండోవాడు ఆవిడ తమ్ముడు మార్కండయ్య. మూడోవాడు మార్కండయ్య బావమరిది సాంబయ్య.

మొదటి రోజు పొద్దున్నే వింతల మేడకి వెళ్లారు. మేడకి అధికారి వరదయ్య అని ఒక పెద్దాయన. మంచివాడే. కాకపోతే ప్రతి వస్తువు గురించీ తనకే తెలుసని అనుకునేవాడు.

"హంసల అంచు చీర ఎక్కడుందండీ?" అని అడిగింది నాంచారమ్మ.

"హంసల చీర ఇక్కడ లేదమ్మా. చీరల్లో ఉన్నది ఒకటే, మేఘాల అంచుది. ముప్పై ఏళ్ల కిందట పాత పెట్టెలో దొరికితే నా చేతుల మీదుగానే తగిలించాం. ఆ మేఘాల మీద ఆస్థాన పండితులు పద్యం కూడా చెప్పారు" అని వరదయ్య ఆ పద్యం మొత్తం చదివాడు.

పద్యం పూర్తయ్యేసరికి సాంబయ్య గుమ్మంలో ఉన్నాడు. "వదినా, లేని చీర కోసం రోజంతా ఎవరు తిరుగుతారు? నేను బజారుకి వెళ్తున్నా. మా ఇంటావిడ చాంతాడంత జాబితా చెప్పింది" అని వెళ్లిపోయాడు. మార్కండయ్య కోటగుమ్మం ఏనుగుల్ని చూడ్డానికి వెళ్లాడు. నాంచారమ్మకి మాత్రం కాళ్లు కదల్లేదు. ఇంతదూరం వచ్చాను, మేఘాలనైనా చూసిపోదామనుకుంది.

గోడకి పొడుగ్గా తగిలించి ఉంది చీర. అంచు నిండా తెల్లటి గుబుర్లు, ఒకదాని పక్కన ఒకటి. వచ్చినవాళ్లు నిలబడి "ఎంత బాగున్నాయో మబ్బులు" అని ముందుకు సాగిపోతున్నారు. నాంచారమ్మ మెడ ఒక పక్కకి వంచి చూసింది. తర్వాత రెండో పక్కకి వంచి చూసింది. గుబురు చివర సన్నటి ముడి కనిపించింది. ముడి ఎవరైనా ముందు వైపు వేస్తారా?

ఇప్పుడొక సంగతి చెప్పాలి, శ్రద్ధగా వినండి. పొగడపాలెం వాళ్లు బొమ్మ కిందికి, వెనక వైపు పైకి వచ్చేలా నేస్తారు. నేసినంతసేపూ వాళ్ల కళ్ల ముందుండేది గుడ్డ వెనక వైపే. నేశాక కూడా, బొమ్మకి దుమ్ము తగలకూడదని దాన్ని లోపలికి పెట్టి మడుస్తారు. ఆ పద్ధతి తెలియనివాళ్లు పెట్టెలోంచి చీర తీస్తే ఏమనుకుంటారు? పైకి కనిపించేదే ముందు వైపు అనుకుంటారు. వరదయ్య అలాగే అనుకుని తగిలించాడు. ముప్పై ఏళ్లుగా నగరమంతా హంసల వీపులు చూసి మేఘాలనుకుంటోంది.

నాంచారమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆవిడకి కావలసింది వెనక వైపే కదా. మగ్గం మీద కూర్చున్నట్టే ఉంది ఆవిడకి. మేడలోకి కలం తేకూడదు, బొగ్గు తేకూడదు. నూలు తేకూడదని మాత్రం ఎవరూ అనలేదు. బొడ్డు దగ్గర దోపుకున్న నూలుపోగు తీసి, రంగు దారం ఎక్కిన చోట ఒక ముడి, దిగిన చోట రెండు ముళ్లు వేసుకుంటూ కూర్చుంది. సాయంత్రానికి హంస తోక తెలిసింది.

రెండో రోజు మళ్లీ వెళ్లింది. మధ్యాహ్నం దాకా నిలబడే ఉండటం చూసి వరదయ్య తన పీట తెచ్చి వేశాడు. మంచినీళ్లు కూడా ఇప్పించాడు. "మేఘాలంటే అంత ఇష్టమా అమ్మా?" అని నవ్వాడు. ఆవిడ తల వంచుకుంది. ఆ పూటకి రెక్కలు, పొట్ట తెలిశాయి. మెడ మాత్రం మిగిలిపోయింది. మెడ దగ్గర పోగులు ఒకదాని మీద ఒకటి పడి చిక్కగా ఉన్నాయి. రేపంతా చూస్తే తెలుస్తుందిలే అనుకుంది.

బయటికి వస్తుంటే వరదయ్య మురిసిపోతూ చెప్పాడు. "రేపు పొద్దున పెళ్లికొడుకు తల్లి గారిని రాజుగారు స్వయంగా మేడకి తీసుకొస్తున్నారు. ఆవిడ పుట్టిల్లు పట్టు వర్తకుల ఇల్లట, గుడ్డ చూడగానే పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుందట. ముందుగా మేఘాల చీరే చూపిస్తాను."

నాంచారమ్మ గబగబా సత్రం దారి పట్టింది.

సత్రానికి వచ్చి సంగతంతా చెప్పింది. సాంబయ్య అప్పటికే మూడు మాటలు పలికే చిలకని, ఏడు రంగుల గాజు గోళాన్ని, ఎందుకు కొన్నాడో తనకే తెలియని ఇత్తడి ఒంటెని కొని చుట్టూ పేర్చుకుని కూర్చున్నాడు. మార్కండయ్య కిర్రు చెప్పులు కొన్నాడు. అడుగు వేస్తే వీధి చివరికి వినిపిస్తాయి.

"ఆయన మేఘాలు ఆయనవి, మన హంసలు మనవి. నువ్వు ఊరుకో అక్కా" అన్నాడు మార్కండయ్య.

"పెళ్లికొడుకు తల్లి కనిపెట్టిందంటే అందరి ముందూ వరదయ్య గారి తల తీసేసినట్టవుతుంది రా. కొలువు కూడా పోతుంది. నాకు పీట వేసిన మనిషి."

"ఇప్పుడు చెబితే ఏమవుతుంది? చీర తిప్పి తగిలిస్తాడు. వెనక వైపు గోడకి అంటుకుపోతుంది. మెడ లేకుండా నేస్తావా హంసని?"

"మెడ లేకపోతే బాతనుకుంటారులే బావా" అన్నాడు సాంబయ్య. ఎవరూ నవ్వలేదు. చిలక మాత్రం "కొనండి బాబూ" అంది. అది దానికి వచ్చిన మూడు మాటల్లో ఒకటి.

మార్కండయ్య గొంతు తగ్గించాడు. "ఇరవై అయిదు మగ్గాలు మూలబడి ఉన్నాయి అక్కా. నీ కోడలు కడుపుతో ఉంది. ఒక్క పూట నోరు మెదపకుండా ఉంటే ఊరు నిలబడుతుంది."

నాంచారమ్మ ముళ్లు వేసిన నూలుపోగు వేళ్ల మధ్య తిప్పి చూసుకుంది. అందులో రెండు రోజుల పని ఉంది. చివర జానెడు పోగు మాత్రం ముడి లేకుండా ఉండిపోయింది.

మూడో రోజు మేడ తలుపులు తీసేసరికి ముగ్గురూ గుమ్మం ముందున్నారు.

"అయ్యా, ఒక మాట. ఆ చీర తిరగేసి ఉందండి. అవి మేఘాలు కావు, హంసల వీపులు" అంది నాంచారమ్మ.

వరదయ్య ముందు నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. "పండితులకి తెలియనిది నీకు తెలిసిందా? పద్యం ఉంది దాని మీద."

"పద్యం బాగుందండి. చీరే తిరగబడింది. ఒక్క మూల ఎత్తి చూడండి. తప్పయితే నన్ను బయటికి పంపేయండి."

ముప్పై ఏళ్లలో మొదటిసారి వరదయ్య తాడు దాటాడు. చీర మూల రెండు వేళ్లతో ఎత్తాడు. లోపల్నుంచి ఒక తెల్ల హంస ఎర్రటి కంటితో ఆయన వంక చూసింది.

ఆయన పీట మీద కూలబడ్డాడు. "రెండు గడియల్లో రాజుగారొస్తారు. నా వాళ్లు ముట్టుకుంటే ఇది చిరుగుతుంది. నువ్వే తిప్పగలవా తల్లీ?"

పాత గుడ్డని గబగబా లాగకూడదు, పిల్లలూ. ఒక వెదురు కర్ర మీద నుంచి ఇంకో కర్ర మీదికి మెల్లగా చుట్టాలి. ఒక కర్ర మార్కండయ్య పట్టుకున్నాడు, రెండోది సాంబయ్య పట్టుకున్నాడు. మధ్యలో నాంచారమ్మ, ఎక్కడైనా దారం లేచి తగులుకుంటుందేమోనని అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి తడుముతూ కూర్చుంది. బొటనవేలు ముందు వైపు, చూపుడువేలు వెనక వైపు.

అంచు పొడవునా ఎనభై హంసలు. ఎనభై మెడలు ఆవిడ వేళ్ల మధ్య నుంచి నడిచాయి. పదో హంస దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఇరవయ్యో హంస దగ్గర తెలిసిపోయింది. మెడ పోగు వెనకపడ్డ దారాల కింద నుంచి దూరి, ముందుకి వచ్చి, మళ్లీ అదే సందులోకి దిగుతోంది. ఒకేసారి రెండు వైపులా పట్టుకుంటే తప్ప అది తెలిసేది కాదు. తాడుకి అవతల నిలబడి ఆ రోజంతా చూసినా, ఆ ఏడాదంతా చూసినా ఆ మెడ ఆవిడ కంటికి అందేది కాదు.

"ఏమైంది వదినా, ఆగావు?" అన్నాడు సాంబయ్య.

"ఏం లేదు. చుట్టు" అంది నాంచారమ్మ. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

చీర తగిలించి చేతులు దులుపుకునేసరికి రాజుగారు రానే వచ్చారు. పెళ్లికొడుకు తల్లి గారు సరాసరి చీర దగ్గరికి వెళ్లి, "ఇంత మంచి హంసల అంచు మా పుట్టింట్లో కూడా చూడలేదు" అంది.

రాజుగారు కనుబొమలు ముడిచారు. "నా చిన్నప్పటి నుంచీ ఇవి మేఘాలే కదా వరదయ్యా. హంసలెప్పుడయ్యాయి?"

ఇక్కడ వరదయ్య ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆయన చేతులు కట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఈ పూటే ప్రభూ. తెలియక తిరగేసి తగిలించింది నేను. తెలిసి తిప్పింది ఈవిడ. చెబితే తన పని చెడుతుందని తెలిసి కూడా చెప్పిందని ఇందాక ఈవిడ తమ్ముడు చెప్పాడు."

రాజుగారు కాసేపు చీర వంక, కాసేపు నాంచారమ్మ వంక చూశారు. "ఏం కావాలో అడగవమ్మా" అన్నారు.

"వైశాఖం దాకా గడువు ఎలాగూ ఇచ్చారండి. అది చాలు. ఒక్కటే మనవి. దీన్ని గోడకి కాకుండా గది మధ్యలో నిలబెట్టించండి. బొమ్మ చూసేవాళ్లు ముందు నుంచి చూస్తారు, నేత నేర్చుకునేవాళ్లు వెనక నుంచి చూస్తారు."

రాజుగారు అప్పటికప్పుడే ఒప్పుకున్నారు. పద్యం సంగతి ఏం చేయాలని వరదయ్య నసిగితే, "అది కూడా వెనక వైపు పెట్టించండి" అన్నారు.

పొద్దు వాలకముందు నాంచారమ్మ బజారుకి పరుగెత్తింది. మొత్తం నగరంలో ఆవిడ కొన్నది ఒక్కటే, హంస కంటికి సరిపోయే ఎర్ర నూలు కండె. ఊళ్లో దిగాక ఆడవాళ్లు చుట్టూ చేరి, "మూడు రోజులు విశాలపురంలో ఉండి ఇదా తెచ్చింది? సాంబయ్యని చూడు, ఒంటెని తెచ్చాడు" అన్నారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. చిలక మాత్రం "కొనండి బాబూ" అంది.

వైశాఖానికి వారం ముందే చీర మగ్గం దిగింది. రాజకుమారి దాన్నే కట్టుకుని పీటల మీద కూర్చుంది. ఏడాది తిరిగేసరికి పొగడపాలెంలో నలభై మగ్గాలూ ఆడాయి. పుట్టిన మనవరాలికి ఊహ తెలిశాక నాంచారమ్మ ముందుగా నేర్పింది హంస మెడే.

సరే, కథ అయిపోయింది. ఎండ దిగుతోంది, నేను డాబా మీదికి వెళ్లాలి. పంచె మీద పెట్టిన వడియాలు వెనక నుంచి నీళ్లు చల్లితే గానీ ఊడవు, ఇంకా సగం అలాగే ఉన్నాయి. ఆ చెంబు ఇలా అందుకోండి. వెళ్లేముందు ఒక్క మాట చెబుతాను, గుర్తుంచుకోండి. నిజం చెబితే మన పని చెడిపోతుందని భయం వేసినప్పుడు కూడా చెప్పేయాలి, ఎందుకంటే దాచినవాళ్లకి తాడు ఇవతల నుంచి చూడటమే మిగులుతుంది, చెప్పినవాళ్ల చేతికే అసలు సంగతి అందుతుంది.