ఖాళీ చేట

పటం మీద బొటనవేలు ఆనిస్తే కనిపించకుండా పోయేంత రాజ్యం ఒకటి ఉండేది. పేరు మొగలిసీమ. రాజ్యం చిన్నదే గాని, దాన్నేలే ప్రతాపకేతు మహారాజుకు చిన్నదేదీ కిట్టేది కాదు. ఆయన కిరీటం ఎంత పెద్దదంటే, కొలువులో పక్కకు తిరిగి చూడాలంటే ముందు దాన్ని రెండు చేతులా పట్టుకోవాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. చెడ్డవాడు మాత్రం కాదు.

ఆయన కొలువులో కొండుభట్టు అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. పన్నెండేళ్ళుగా అతను తన ఇంట్లో ఒక్కసారీ నవ్వలేదు. ఆ సంగతి కొలువులో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

కోట ఉన్న ఊళ్ళో ఏటా ఫాల్గుణమాసంలో, నువ్వులు ఆడటం అయిపోయి గానుగ ఖాళీ పడ్డాక, గానుగపాకలో మంత్రసానులు కూడేవాళ్ళు. ఎద్దు తిరిగి తిరిగి అరిగిపోయిన గుండ్రటి బాట మీద కూర్చుంటే నలభైమంది పట్టేవాళ్ళు. వాళ్ళ మధ్య ఒక చేట చేతులు మారేది. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది చేటలోనే గదా. ఆ ఏడు తాను పోసిన పురుళ్ళన్నీ క్షేమంగా జరిగితే "నా చేట నిండింది" అని పక్కావిడకు అందించాలి. తల్లో బిడ్డో పోయి ఉంటే "నా చేట ఖాళీ" అని, పోయినవాళ్ళ పేరు చెప్పి, తాను చేసిన పొరపాటు దాచకుండా చెప్పాలి. ఎవరూ తిట్టకూడదు, ఓదార్చకూడదు. ఆ పేరును అందరూ ఒక్కసారి మెల్లగా పలికి, ఆ పొరపాటు తాము చేయకుండా మనసులో పెట్టుకుని ఇళ్ళకు పోవాలి. గొంతు పెంచకూడదన్నది అక్కడి కట్టుబాటు.

ఆ ఏడాదితో వదిలేయకుండా అక్కడ ఏటేటా పలికే పేరు ఒకటుంది, అచ్చమాంబ. ఆవిడ కొండుభట్టు భార్య. కాన్పయ్యాక మాయ పడలేదు. పురుడు పోస్తున్న ఈరమ్మ కంగారుపడి బొడ్డుతాడు లాగింది. నెత్తురు ఆగలేదు. మూడోనాటికి బిడ్డా తల్లిని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఒక ఏడాదిపాటు కొండుభట్టు ఈరమ్మ ఎదురైతే మొహం తిప్పుకున్నాడు. ఫాల్గుణం వచ్చేసరికి, ఈ ముసలిది నలుగురిలో ఏం బొంకుతుందో విందామని గానుగపాక తాటాకు దడి వెనక చేరాడు. ఈరమ్మ బొంకలేదు. నేనే లాగాను, లాగకూడదు, ఆగి ఉంటే ఆ తల్లి బతికేదని చెప్పింది. ఆ మరుసటేడు కొండవైపు నుంచి వచ్చిన మంత్రసాని ఒకామె, మాయ పడకపోతే అచ్చమాంబను తలుచుకుని చేతులు కట్టుకు కూర్చున్నానని, అది దానంతట అదే పడిందని, తల్లి బతికిందని చెప్పింది. దడి వెనక కొండుభట్టు నోట్లో ఉత్తరీయం కుక్కుకుని ఏడ్చాడు. అప్పటినుంచి ఏటా అక్కడ కూర్చోవడమే అతను పెట్టే అసలు తద్దినం.

మంచి మాట ఎంతకాలం దడి లోపల ఉంటుంది? మొగలిసీమలో పురిటి చావులు తగ్గాయని చుట్టుపక్కల పాకిపోయింది. పన్నెండో ఏట నలభైమందికి చోటున్న పాక దగ్గరికి మూడు వందలమంది వచ్చారు. మూడేసి రోజులు నడిచి వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి, లోపలి మాట వినపడక, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ తిరిగిపోయారు.

ఈ కబురు రాజుగారి చెవిన పడింది. నలభైమంది కూడితేనే ఇంత మేలు జరిగితే నాలుగు వేలమంది కూడితే ఎంత జరగాలి అన్నారాయన. లెక్క సరిగానే ఉన్నట్టుంది గనక మంత్రి తల ఊపాడు. వైశాఖంలో కోట మైదానంలో మహాసభ అన్నారు. వేయి గుంజల పందిరి, వెండి పూత పూసిన చేట, మాట చివరిదాకా వినపడేందుకు ఇరవై అడుగులకొక దండోరావాడు. చెప్పినావిడ మాటను ఒకడి తర్వాత ఒకడు అందుకుని అరవాలి.

ఈరమ్మ కర్ర పోటేసుకుంటూ కొండుభట్టు గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యగోరూ, ఎండలో నిలబడిపోయినోళ్ళ ఉసురు నాకు తగుల్తాది. ఆళ్ళకీ ఇనే హక్కుంది, కాదన్ను. కానైతే అంత పందిట్లో, దండోరా ఏసేవోడి నోటెంట, నా చేత్తో నేనే లాగినానని నేను చెప్పగల్నా? ముసలిదాన్ని, నాకే నోరు రాదు. మొన్న తన చేతుల్లో పిల్ల పోయిన పడుచుదానికి వస్తాదా? ఆళ్ళు చెప్పకపోతే అమ్మగోరి పేరు కూడా ఇంక ఎవరికీ పనికిరాదు."

కొండుభట్టు చూద్దాం ఈరమ్మా అన్నాడు అంతే.

ఎదురు చెబితే పందిరి ఇంకో వేయి గుంజలు పెరుగుతుందని అతనికి తెలుసు. కాబట్టి మర్నాడు కొలువులో పందిరిని తెగ మెచ్చుకున్నాడు. ఒక్క లోటు మాత్రం కనిపిస్తోందన్నాడు. ఇంతటి సభలో మొదటి చేట ఒక పేద మంత్రసాని చేతికి పోతే ఏలినవారి మర్యాద ఏమైపోను? మొదట మహారాజే పట్టి, కట్టుబాటు ప్రకారం రెండు మాటలు సెలవిచ్చి, తర్వాత కిందికి అందిస్తే బాగుంటుందన్నాడు. రాజుగారికి అది పాయసంలో జీడిపప్పులా తగిలింది.

అయితే కొండుభట్టుకు ఇంకో సంగతి తెలుసు. కిందటి శ్రావణంలో మహారాణికి నెలలు నిండాయి. వెండి ఉయ్యాల ఒకటి కోట సింహద్వారం గుండా మేళతాళాలతో లోపలికి వెళ్ళింది. నాలుగు రోజులకు అదే ఉయ్యాల, గుడ్డ కప్పుకుని, వెనక వాకిలి గుండా బయటికి పోయింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ ఉయ్యాలను తన కళ్ళతో చూసీ ఈ ఎత్తు వేసినందుకు కొండుభట్టుకు ఆ పూట ముద్ద దిగలేదు.

సభరోజు వచ్చింది. పందిరి కిందా బయటా కలిపి ఇసుక వేస్తే రాలని జనం. పెళ్ళి కాని కుర్రాళ్ళు కూడా వచ్చారు, వాళ్ళకక్కడ ఏం పనో ఎవరికీ తెలియదు. మరమరాలవాళ్ళు, గాజులవాళ్ళు సరేసరి. గానుగ బాట మీద కూర్చునే నలభైమందీ ముందు వరసలో కొత్త పెళ్ళికూతుళ్ళలా తలలు వంచుకుని కూర్చున్నారు.

వెండి చేట రాజుగారి చేతికి వచ్చింది. ఆయన లేచారు. ఏం చెప్పాలో మంత్రి రాసిచ్చిన తాటాకు మొలలోనే ఉంది. కానీ చేట అంటే చిత్రమైన వస్తువు, వెండి పూసినా చేటే. ఆయన దానిలోకి చూశారు. అది పసిబిడ్డ పట్టేంత ఉంది. తాటాకు సంగతి మరిచిపోయి, ఆయన తన మామూలు గొంతుతో ఒక్క మాట అన్నారు.

"శ్రావణంలో..."

"శ్రావణంలోఓఓ!" అని అరిచాడు మొదటి దండోరావాడు. రెండోవాడు అందుకున్నాడు, మూడోవాడు అందుకున్నాడు. ఆ మాట మైదానం చివరిదాకా పోయి కోటగోడకు తగిలి తిరిగి వచ్చింది. మరమరాలవాడు తూకం ఆపి మెడ సాచి చూశాడు.

రాజుగారు మొలలోని తాటాకు తడుముకున్నారు. చివరికి "మా చేట నిండింది" అన్నారు. మహారాజుగారి చేట నిండిందహో అని నలుదిక్కులా మోగింది. జనం చప్పట్లు కొట్టారు.

చేట మంత్రసానుల వరసలోకి వచ్చింది. మొదటావిడ చుట్టూ చూసి, తన చేట నిండిందంది. రెండో ఆవిడా అదే అంది. పక్షం కిందట తాను పురుడు పోసిన కవలల్ని పోగొట్టుకున్న పడుచుపిల్ల ఒకతె చేట పట్టుకుని, తనదీ నిండిందంది. చివరికి అది ఈరమ్మ దగ్గరికి వచ్చింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె అచ్చమాంబ పేరెత్తకుండా చేట కింద పెట్టేసింది. కొండుభట్టు అనుకున్నట్టే జరిగింది.

అతను రాజుగారి ముందుకు వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మహాప్రభూ, మీ పందిరి మహిమ చూశారా? గానుగపాకలో కూడినన్నాళ్ళూ ఏటా పదిమంది తల్లులో పిల్లలో పోతూనే ఉండేవారు. ఈ ఏడు మన రాజ్యంలో ఒక్క బిడ్డ కూడా పోలేదు. మనింట్లో కూడా."

మంత్రి నవ్వబోయి, రాజుగారి మొహం చూసి మానుకున్నాడు. ఈ మాటకు తల పోతుందని కొండుభట్టు ముందే అనుకున్నాడు. పోతే పోనీ అని కూడా అనుకున్నాడు. రాజుగారు మాత్రం కిరీటం తీసి ఆసనం మీద పెట్టి, మెట్లు దిగి, ఈరమ్మ దగ్గరికి నడిచారు.

"అమ్మా, రేపు గానుగపాకలో నాకింత చోటిస్తావా?"

"మొగోళ్ళని లోనికి రానీరాదు బాబూ," అంది ఈరమ్మ. కొంచెం ఆలోచించింది. "చేట ఖాళీ అయినోళ్ళని మాత్రం ఆపం."

మర్నాడు దండోరావాళ్ళు లేరు. గానుగ బాట మీద రాజుగారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కొండుభట్టు తన పాత చోటులో, దడి వెనక. ఈసారి చేట మామూలుది, పేడా మెంతిపిండీ కలిపి అలికినది.

"నా చేట ఖాళీ," అన్నారు రాజుగారు.

ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని కొండుభట్టు ఎన్నడూ ఎరగడు. నొప్పులు వచ్చిన వేళ దుర్ముహూర్తమని జోస్యులు చెప్పారట. చక్రవర్తి కావలసిన బిడ్డ మంచి గడియలోనే పుట్టాలని, అది వచ్చేదాకా కాన్పు ఆపమని రాజుగారే ఆజ్ఞ ఇచ్చారట. దాసీలు మహారాణి కాళ్ళు గట్టిగా కట్టి పట్టుకున్నారట. మంచి గడియలోనే పుట్టింది ఆడపిల్ల. ఏడవలేదు.

"ఎంతసేపు ఆపినారు బాబూ?" అని అడిగింది ఈరమ్మ.

"నాలుగు గడియలు."

ఆమె అయ్యో అనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "ఇన్నారు గదా. ముహూర్తం కోసం ఆపమని ఏ ఇంట్లో ఎవరన్నా, రాజుగోరింట్లోనే ఇట్టా అయిందని చెప్పండి. చెప్పొచ్చునా బాబూ?"

"చెప్పండి," అన్నారు రాజుగారు.

ఆమె బిడ్డ పేరు అడిగింది. బారసాల కాలేదన్నారాయన. అనుకున్న పేరైనా చెప్పమంది. రాజుగారు ఏదో చెప్పారు. నలభైమందీ దాన్ని ఒక్కసారి పలికారు. దడి వెనకకు గుసగుస వినిపించింది గాని పేరు వినపడలేదు. ఆ వెంటనే కవలల్ని పోగొట్టుకున్న పడుచుపిల్ల చేట కోసం చెయ్యి చాచింది.

బయటికి వచ్చాక రాజుగారు కండువాతో మొహం తుడుచుకుని కొండుభట్టును చూశారు. చూసి, ఎర్రబడ్డ కళ్ళతోనే నవ్వారు.

"నాలుగు వేలమంది ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు గదయ్యా, భట్టూ."

"నేను కాదు ప్రభూ, దండోరావాళ్ళు. వాళ్ళ జీతం ఏలినవారిదే."

ఆయన ఇంకాస్త నవ్వి, ఏం కావాలో కోరుకోమన్నారు. కొండుభట్టు పందిరి గుంజలు అడిగాడు. వేయి గుంజలతో ఎన్ని పాకలు పడితే అన్ని పాకలు, ఎండలో నిలబడి తిరిగిపోయినవాళ్ళ ఊళ్ళలో వేయించమన్నాడు. ఈ పాకలో కూర్చున్నవాళ్ళు తలా ఒక చోటికి పోయి కట్టుబాటు నేర్పి రావాలి. పక్కింటి పొయ్యి వెలగాలంటే ఇక్కడినుంచి ఒక నిప్పు పట్టుకెళ్తే చాలు గదా, మన పొయ్యిని పెద్దది చేయనక్కర్లేదన్నాడు. రాజుగారు సరేనన్నారు. వెండి చేట కూడా తీసుకొమ్మన్నారు గాని, కొండుభట్టు వద్దన్నాడు.

మరుసటి ఫాల్గుణానికి మొగలిసీమ చుట్టూ ఇరవై పాకలు లేచాయి. ఒక్కొక్క దానిలో నలభైమందే. కొండుభట్టు ఎప్పటిలాగే దడి వెనక కూర్చున్నాడు. ఈరమ్మ తన చేట పట్టుకుని అచ్చమాంబ పేరు చెప్పింది. తెలిసిన కథ గనక సగం వినపడినా అతనికి పూర్తిగా వినిపించింది. తర్వాత ఇంకో పేరు పలికారు. అది ఎవరి బిడ్డదో అతనికి తెలుసు, ఏమిటో తెలియదు. తెలుసుకోవడానికి దడికి చెవి ఆనించలేదు.